పెద్దవుతున్న పిల్లలకి పుస్తకం చేతికివ్వడం ఎలా?

నమస్తే అండీ. టేబుల్ మీద నాలుగు పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నాను. రకరకాల జీవితాలు తెలియాలంటే పదకొండు దాటిన పిల్లలకి ఏం ఇవ్వాలి అని అందరూ అడుగుతారు. లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. చిక్కంతా ఇచ్చే దగ్గరే.

ముందు నా తప్పు చెప్పేస్తాను. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు బీరువాల లైబ్రరీ నడుపుతున్నాను. పదమూడేళ్ల అబ్బాయి ఒకడు వచ్చి ఏదైనా పుస్తకం ఇవ్వమన్నాడు. ‘ఏడు తరాలు’ చేతిలో పెట్టి, ‘చదవరా, బానిసత్వం అంటే ఏంటో తెలుస్తుంది’ అన్నాను. మూడు రోజుల్లో తిరిగొచ్చింది. గుర్తు కోసం పెట్టుకున్న కిరాణా బిల్లు ఆరో పేజీలోనే ఉంది! ఆఫ్రికా నుంచి బానిసగా పట్టుకుపోయిన కుంటా కింటే కథ అది. ఇంకో మూడేళ్లు ఆగి ఇచ్చుంటే వదిలేవాడు కాదు. పైగా నేను దాన్ని పాఠంలాగా ఇచ్చాను.

అప్పట్నుంచి పుస్తకం గొప్పతనం చెప్పడం మానేశాను. ఒక సీన్ చెబుతాను, అంతే. ఇదిగో, ‘రైలుబడి’. జపాన్‌లో తెత్సుకో కురోయనాగి తన చిన్నప్పటి బడి గురించి రాసింది, 1981లో వచ్చింది. అందులో టోటోచాన్ అంటే చిన్నప్పటి తనే. ఇలా మొదలుపెడతాను: ‘ఒక బడి ఉంది. క్లాసులన్నీ రైలు పెట్టెల్లో. ఆవరణలో ఒక్కొక్కరికీ సొంత చెట్టు. యాసుయాకి అనే పిల్లాడికి పోలియో, చెట్టెక్కలేడు. టోటోచాన్ వాణ్ని తన చెట్టు మీదికి పిలిచింది, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా. షెడ్డులోంచి నిచ్చెన ఈడ్చుకొచ్చి చెట్టుకి ఆనించింది. వాడు ఒక్క మెట్టు కూడా ఎక్కలేకపోయాడు...’

ఇక్కడ ఆపేయాలి. ‘తర్వాత?’ అని అడిగితే పుస్తకం చేతికిచ్చేయండి. మీరు కొనసాగించారో, వాళ్లు చదవరు.

కాస్త కొంటె పిల్లలైతే టీవీ ముక్క చెప్పండి. ఇంట్లోనే పెట్టెలో సుమో కుస్తీ చూడొచ్చట అని యాసుయాకి అంటే, అంత లావు మనుషులు పెట్టెలో ఎలా పడతారా అని టోటోచాన్ తెగ ఆలోచిస్తుంది.

రకరకాల జీవితాలు అనగానే మనకి జపాన్, అమెరికా గుర్తొస్తాయి. పక్క వీధి గుర్తు రాదు. రెండోది అందుకే తెచ్చాను. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. నెల్లూరు జిల్లా కావలిలో ఒక ముస్లిం ఇంట్లో పెరిగిన పిల్లవాడు చెప్పే చిన్న చిన్న కథలు. ‘మా వాడికి తెలుగు చదవడం రాదండీ’ అంటారా? మొదటి రెండు పేజీలు మీరే పైకి చదవండి. మీది వరంగల్ అయినా సరే, నెల్లూరు యాసతో తంటాలు పడండి. మిమ్మల్ని చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ నవ్వులోనే కథలో పడిపోతారు.

ఒక్క జాగ్రత్త. ముస్లిం పిల్లలకి ఈ పుస్తకం ఇస్తూ ‘ఇది మీవాళ్ల కథ’ అనకండి. ఆ మాటతో పిల్లని అందరిలోంచి తీసి పక్కన నిలబెట్టినట్టవుతుంది. పుస్తకం బాగుందని ఇస్తున్నారు, అది చాలు.

పదిహేనేళ్లు దాటినవాళ్లకి వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’. తెలంగాణలో ఒక మాదిగ కుటుంబం రైల్వే కొలువు పట్టుకుని పిల్లల్ని చదివించుకున్న కథ. నాలుగోది రమేశ్ కార్తీక్ నాయక్ ‘ఢావ్లో’, గోర్ బంజారా కథలు. 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం దీనికే వచ్చింది. పెద్దల కోసం రాసినవి కాబట్టి ముందు మీరు చదివి, ఏ కథ ఇవ్వాలో చూసుకోండి. ఇంకా చిన్నవాళ్లకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ సైట్‌లో తెలుగు కథలు ఉచితం. ధారాళంగా చదివే పిల్లల కోసం పెట్టిన లెవెల్ 4 వెతకండి.

చదివాక ‘ఏం నేర్చుకున్నావ్?’ అని మాత్రం అడక్కండి బాబూ. ‘ఎవరి మీద కోపమొచ్చింది?’ అని అడిగి చూడండి, వాళ్లంతట వాళ్లే చెబుతారు.

అన్నట్టు, ఆ కిరాణా బిల్లు అబ్బాయి ‘రైలుబడి’ తీసుకెళ్లి నెల దాటింది. నేనూ అడగలేదు. మొన్న లిఫ్టులో కనిపించి తనే చెప్పాడు, ‘ఆంటీ, చెల్లి ఇవ్వట్లేదు.’