ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా ఎత్తేస్తే అందరూ సమానమయ్యారా?

[స్క్రీన్ మీద ఐదు మెట్లు: 8వ తరగతి ఆల్జీబ్రా 1, 9 జామెట్రీ, 10 ఆల్జీబ్రా 2, 11 ప్రీకాల్క్యులస్, 12 కాల్క్యులస్]

అమెరికాలో చాలా హైస్కూళ్ళలో లెక్కలు ఇలా ఏడాదికో సబ్జెక్టు చొప్పున నడుస్తాయి. మన దగ్గరలా అన్నీ కలిపి ఒకే పుస్తకంలో ఉండవు. మంచి ఇంజినీరింగ్ కాలేజీ మీద కన్నేసిన పిల్లలు పన్నెండుకల్లా కాల్క్యులస్ చదవాలని చూస్తారు. అందుకు ఎనిమిదిలోనే ఆల్జీబ్రా మొదలవ్వాలి. తొమ్మిదిలో మొదలైతే కాల్క్యులస్‌కి ఏడాది మిగలదు. గొడవంతా ఆ ఏడాది గురించే.

[శాన్‌ఫ్రాన్సిస్కో, 2014]

ఇక్కడి ప్రభుత్వ స్కూళ్ళు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా ఎత్తేశాయి. ఎంత చురుకైనవాళ్ళైనా తొమ్మిదిలోనే చదవాలన్నారు. ఉద్దేశం మంచిదే. పన్నెండేళ్ళకే పిల్లల్ని గట్టివాళ్ళు, మొద్దులు అని రెండు గదుల్లో కూర్చోబెడితే, రెండో గదిలో ఎక్కువగా తేలేది నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) పిల్లలే. ఆల్జీబ్రా తప్పి మళ్ళీ చదివేవాళ్ళూ తక్కువేం కాదు.

కానీ డబ్బున్న తల్లిదండ్రులు ఊరుకుంటారా? బయట ఆన్‌లైన్ కోర్సులు కొన్నారు, వేసవిలో చదివించారు, కొందరు ప్రైవేటు స్కూళ్ళకి మార్చేశారు. (వారాంతపు మ్యాథ్ క్లాసు లేని తెలుగు ఇల్లు అమెరికాలో దొరకడం కష్టం కాబట్టి, మనవాళ్ళకి ఇది బాగానే అర్థమవుతుంది.) ఫీజు కట్టలేని ఇంట్లో లెక్కలంటే ప్రాణం పెట్టే అమ్మాయికి మాత్రం ఎనిమిదిలోనే ఆల్జీబ్రా చదివే ఉచిత దారి మూసుకుపోయింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో లెక్క తీస్తే, పై స్థాయి లెక్కల కోర్సుల్లో జాతుల మధ్య తేడా పెద్దగా మారలేదని తేలింది.

2024 ఫిబ్రవరిలో స్కూల్ బోర్డు వెనక్కి తగ్గింది. మార్చిలో ఓటర్లని అడిగితే 80 శాతానికి పైగా ఆల్జీబ్రా తిరిగి తెమ్మన్నారు.

[డాలస్, 2019]

డాలస్ అనగానే మనవాళ్ళకి ఫ్రిస్కో, ఇర్వింగ్ గుర్తొస్తాయి. ఆ ఊళ్ళ స్కూళ్ళు వేరు. ఇది డాలస్ నగరం సొంత స్కూల్ డిస్ట్రిక్ట్ (ప్రభుత్వ స్కూళ్ళు నడిపే సంస్థ) కథ, అక్కడ ఎక్కువమంది లాటినో పిల్లలు.

వీళ్ళు అడ్వాన్స్‌డ్ లెక్కల క్లాసు ఎత్తెయ్యలేదు, అందులో చేరే పద్ధతి మార్చారు. అంతకుముందు టీచర్ సిఫార్సు చెయ్యాలి, లేదా అమ్మానాన్నలు అడగాలి. రాత్రి షిఫ్టు చేసొచ్చే, ఇంగ్లీషు రాని తల్లికి అలాంటి క్లాసు ఒకటుందనే తెలియదు, ఇంక అడిగేదెక్కడ? 2019 నుంచి ఐదో తరగతి రాష్ట్ర పరీక్షలో మంచి మార్కులొస్తే చాలు, ఎనిమిదిలో ఆల్జీబ్రాకి తీసుకెళ్ళే అడ్వాన్స్‌డ్ లెక్కల్లోకి ఆరులోనే పేరు దానంతటదే ఎక్కుతుంది. వద్దనుకుంటేనే కాగితం మీద సంతకం పెట్టాలి. కొన్నేళ్ళలో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా చదివే నల్లజాతి, లాటినో పిల్లల సంఖ్య బాగా పెరిగింది. మార్కులు ముందూ ఉన్నాయి, పిలిచేవాళ్ళే లేరు.

2023లో టెక్సాస్ దీన్నే చట్టం చేసింది: ఐదో తరగతి లెక్కల్లో పై 40 శాతంలో ఉన్న ప్రతి విద్యార్థికీ ఈ దారి దానంతటదే తెరుచుకోవాలి. నార్త్ కరోలినా 2018లోనే ఇలాంటి చట్టం తెచ్చింది.

నా ఓటు డాలస్‌కే. అయితే ఒక చిక్కుంది. ఐదో తరగతికి రాకముందే వెనకబడిపోయిన పిల్లలకి ఈ చట్టంతో ఒరిగేదేమీ లేదు. వాళ్ళకి రెండు, మూడు తరగతుల్లోనే లెక్కలు బాగా చెప్పే టీచర్లు కావాలి. ఆ టీచర్లు పేద పిల్లల స్కూళ్ళు వదిలి పోకుండా జీతాలూ ఇవ్వాలి. దానికి డబ్బు కావాలి.