కంచం ముందు కేకలొద్దు
(నెల్లూరులో ఇంటర్ పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అమ్మలకూ అయ్యలకూ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకూ నమస్కారం.

మా చెల్లెలి కూతురు వేసవి సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చింది. మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు చేస్తే, నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది. "ఏందే నీకీ పొగరు?" అని అరిచింది నేనే. ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినదాన్ని. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. బరువు తగ్గాలని ఆ బిడ్డ రాత్రి భోజనం మానేసిందని, నెలసరి ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

అప్పుడు నాకు గుర్తుకు రావాల్సింది మిన్నెసోటా ప్రయోగం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలల పాటు అరకొర తిండి పెట్టాడు. వాళ్లు తమంతట తాము ఒప్పుకుని వచ్చినవాళ్లు, మనసు దిటవైనవాళ్లు. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటు మనసూ మారింది. ఊరికే చిరాకుపడ్డారు, నలుగురిలోకి రావడం మానేశారు, దిగులుపడ్డారు. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాళ్లు, కంచాలు నాకేవాళ్లు. తిరిగి తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా ఆపుకోలేకపోయారు. అంటే ఏ జబ్బూ లేని మనిషిని కూడా ఆకలి ఒక్కటే అంత దూరం తీసుకుపోతుంది. మొండితనమని మనం తిట్టే దాంట్లో చాలా భాగం పస్తు చేసే పనే.

మరి అందరూ డైటింగ్ చేస్తారు, కొందరే ఎందుకు చిక్కుకుంటారు? ఇక్కడ పుట్టుక మాట వస్తుంది. లావైపోతామన్న భయంతో తిండి మానేసి చిక్కిపోయే జబ్బును అనొరెక్సియా అంటారు. ఈ జబ్బులో వంశపారంపర్యం వాటా సగం పైమాటేనని కవలల మీద చేసిన పరిశోధనలు అంచనా కట్టాయి. 2019లో వచ్చిన ఒక పెద్ద జన్యు పరిశోధన ఈ జబ్బు వేళ్లు మనసులోనే కాదు, ఒంట్లో తిండి ఖర్చయ్యే తీరులోనూ ఉన్నాయని చూపింది. లావు సంగతీ అంతే. 2007లో గుర్తించిన ఎఫ్‌టీఓ జన్యువులోని ఒక రకం అమ్మ నుంచీ నాన్న నుంచీ వచ్చినవాళ్లు, అది లేనివాళ్లకంటే సగటున మూడు కిలోలు ఎక్కువ ఉంటారు. తిండిపోతని పిల్లవాణ్ని వెక్కిరించేముందు ఇది తలుచుకోండి.

హాస్టళ్ల గురించి ఒక్క మాట. 2004లో షికాగోలో 12 మంది యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. ఇక చాలు అని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ పెరిగింది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున ఐదింటికి గంట కొట్టే చోట పిల్లలు అర్ధరాత్రి నూడుల్స్ పొట్లాలు విప్పితే తప్పు ఎవరిదని అడగాలి?

బిడ్డ చిక్కిపోతున్నా, దాచుకుని తింటున్నా, తిన్నది కక్కుకుంటున్నా, నెలసరి తప్పినా డాక్టర్‌కు చూపించండి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే, డబ్బు ఖర్చు లేకుండా మాట్లాడతారు. కంచం దగ్గర బరువు మాట, మార్కుల మాట ఎత్తకండి. మా చెల్లెలింట్లో అది ఆపడానికే రెండు నెలలు పట్టింది.

ఇక ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు.