గాలి చాలక కాదు, ఎక్కువై!

(కర్నూలు, కొండారెడ్డి బురుజు దగ్గర సోడా బండి. చేతిలో గోలీసోడా.)

పోయిన వారం బస్టాండులో ఒక అమ్మాయి రొప్పుతూ బెంచీ మీద కూలబడింది. పరీక్షకు వెళ్తోందట. బొటనవేలు అరచేతిలోకి మడుచుకుపోయింది, మిగతా వేళ్లు కొంగముక్కులా బిగుసుకున్నాయి. మూర్ఛ అనుకుని ఎవరో తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. ఒక పెద్దాయన "గాలి అందడం లేదు, ఇంకా గట్టిగా పీల్చమ్మా" అంటూనే ఉన్నారు. ఆ మాట ఎప్పుడు విన్నా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆమె బాధ గాలి చాలక కాదు, ఎక్కువై.

(గోలీ నొక్కిన చప్పుడు.)

ఈ సోడాలో నాలుకను చురుక్కుమనిపించేది కార్బన్ డయాక్సైడ్. నీళ్లలో కరిగి కాస్త ఆమ్లమవుతుంది. గ్యాస్ పోతే సోడా చప్పబడుతుంది. మన రక్తమూ సోడా లాంటిదే. ధమనుల్లో ఈ గ్యాస్ పీడనం పాదరసం కొలతలో 35 నుంచి 45 మిల్లీమీటర్లు ఉండాలి. ఒంటికి అవసరం లేకుండా వేగంగా, లోతుగా ఊపిరి తీస్తే సీసా గిలకొట్టి గ్యాస్ వదిలేసినట్టే. మరి ఆక్సిజన్ పెరగదా అంటారు. ఆరోగ్యవంతుల ధమనుల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ మామూలుగానే దానితో 95 శాతానికి పైగా నిండి ఉంటుంది. నిండిన బిందెలో ఇంకెంత పోస్తాం?

సోడా చప్పబడితే రక్తం క్షారం వైపు జరుగుతుంది. మెదడు రక్తనాళాలు కుంచించుకుపోయి కళ్లు తిరుగుతాయి. రక్తంలో విడిగా తిరిగే కాల్షియం ప్రొటీన్లకు అంటుకుపోతుంది. అది తగ్గేసరికి నరాలు అదుపు తప్పి పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్లకు కొంకర్లు. అది చూసి భయం, భయంతో మరింత రొప్పు.

పక్కన కూర్చుని, ముక్కుతో పీల్చి వేడి టీ ఊదినట్టు నెమ్మదిగా వదలమన్నాను. కొన్ని నిమిషాలకు వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి.

అయితే ప్రతి రొప్పూ భయం వల్ల రాదు. ఆస్తమా, న్యుమోనియా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కావచ్చు. షుగర్ విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లమైతే, దాన్ని తగ్గించడానికి ఒళ్లే గ్యాస్‌ను బయటికి తోస్తుంది. అందుకే వదిలిన గ్యాస్‌నే మళ్లీ పీల్చేలా ముఖానికి కాగితం సంచి పెట్టకండి. మొదటిసారి వచ్చినా, ఛాతీ నొప్పి ఉన్నా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.

సమయం అయిపోతోంది, ఇదొక్కటి వినండి. కె.సి. (కర్నూలు-కడప) కాలువలోనో బావిలోనో మునిగే ముందు కొందరు పిల్లలు పదిసార్లు గట్టిగా ఊపిరి తీస్తారు. ఊపిరి పీల్చాలనే తహతహ ప్రధానంగా ఈ గ్యాస్ పేరుకోవడం వల్ల పుడుతుంది. సోడా ముందే చప్పబడింది కాబట్టి ఆ తహతహ ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అడుగంటి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్లు కూడా ఇలా పోతారు.