ఎమ్మారై తీయించారు సరే, నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది?

[తెర మీద: కిటికీ వెలుతురులో ఎమ్మారై ఫిల్ము పట్టుకున్న చెయ్యి]

నమస్కారమండీ. దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు మన తెలుగువాళ్ళు నడుం నొప్పితో డాక్టరు దగ్గరికి వచ్చేసరికే చాలామంది చేతిలో ఒక ఎమ్మారై ఉంటోంది. కూలి వదులుకుని, విశాఖపట్నమో బరంపురమో వెళ్ళి, వేలు పోసి తీయించుకున్నది. రిపోర్టులో 'ఎల్4-ఎల్5 డిస్క్ బల్జ్' అని రాసుంటుంది, అంటే నడుములో నాలుగో, ఐదో పూసల మధ్య మెత్తలాంటి డిస్క్ కాస్త ఉబ్బిందని. ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ టెన్షన్. డిస్క్ జారిపోయిందట, ఆపరేషనేనట!

ఆ రిపోర్టు అబద్ధం కాదు. కానీ ఎమ్మారై చూపించేది వెన్ను ఆకారాన్ని. నొప్పి ఫొటోలో పడదు. నడుం నొప్పే లేనివాళ్ళకు తీసిన స్కాన్ల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. 20 ఏళ్ళ వాళ్ళలోనే 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది. 80 ఏళ్ళ వాళ్ళలో అది 84 శాతం. వీళ్ళెవరికీ నొప్పి లేదు! అందుకే స్కాన్లో బల్జ్ కనపడగానే దోషి దొరికేసిందనుకోకండి.

[తెర మీద ఎర్ర అక్షరాలు: ఈ లక్షణాలుంటే ఈ రోజే ఆసుపత్రికి]

ఒక్క విషయం మాత్రం ముందే చెప్పాలి. మూత్రం బిగుసుకుపోయినా, మలమూత్రాలు తెలియకుండా పోతున్నా, తొడల మధ్య స్పర్శ తగ్గినా, కాళ్ళు పట్టు తప్పుతున్నా రేపటిదాకా ఆగొద్దు. దగ్గర్లోని మెడికల్ కాలేజీకి, బరంపురమైనా కోరాపుట్ అయినా, ఆ రోజే వెళ్ళండి.

మిగతా అందరికీ మొదటి పరీక్ష డాక్టరు చెయ్యే. మిమ్మల్ని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో పిర్ర నుంచి మోకాలు దాటి పిక్క దాకా నొప్పి లాగితే డిస్క్ నరాన్ని నొక్కుతోందేమోనని అనుమానిస్తారు. బొటనవేలు పైకి లేపమంటారు. లేవకపోతే ఎల్5 నరం మీద, అంటే నడుములో ఐదో పూస దగ్గర బయటికొచ్చే నరం మీద, దృష్టి పెడతారు. మడమ వెనక సుత్తితో కొట్టినప్పుడు పాదం కదలకపోతే దాని కింది ఎస్1 నరం మీద. ఇప్పుడు ఎమ్మారైలో కూడా ఆ నరం దగ్గరే ఒత్తిడి కనపడితే, అప్పుడు ఆ రిపోర్టుకు విలువ. మీ డాక్టరు ఇవేవీ చెయ్యకుండా ఫిల్ము మాత్రమే చూస్తే, "ఒకసారి నా కాలు పరీక్షించండి సార్" అని అడగండి. అడగడంలో తప్పు లేదు.

[తెర మీద: రక్త పరీక్ష ట్యూబులు]

మన ప్రాంతంలో రెండు జబ్బులు మరచిపోకూడదు. ఒకటి వెన్ను టీబీ. పడుకున్నా తగ్గని నొప్పి, సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం. దగ్గు ఉండి తీరాలని లేదు. ఎక్స్‌రే బాగుందని ధైర్యం తెచ్చుకోవడానికీ లేదు, ఎందుకంటే ఎముక మూడోవంతు దాకా కరిగితే గానీ అందులో సరిగ్గా కనపడదు. ఒంట్లో వాపు ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్త పరీక్షలు చేయిస్తారు. ఎమ్మారై బాగా పనికొచ్చే చోటు ఇది. పక్కపక్క పూసలు, వాటి మధ్య డిస్క్, చుట్టూ చేరిన చీము అందులో తెలుస్తాయి. ఆపైన సీటీ చూస్తూ సూదితో ముక్క తీసి టీబీ క్రిమి జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షకు పంపితే టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందో లేదో చాలావరకు తెలుస్తుంది. టీబీ మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

రెండోది సికిల్ సెల్, వంశపారంపర్యంగా వచ్చే రక్త జబ్బు. ఒడిశా పడమటి, దక్షిణ జిల్లాల్లో ఇది ఎక్కువ. చిన్న వయసులోనే నడుము, ఎముకలు ఉండుండి విపరీతంగా నొప్పెడుతుంటే, డిస్క్ అనుకునే ముందు సికిల్ సెల్ రక్త పరీక్ష చేయించండి.

[తెర మీద: వెన్ను బొమ్మ, వెనక వైపు చిన్న కీళ్ళు వెలుగుతాయి]

ఇవేవీ కావు, నెలల తరబడి నొప్పి మాత్రం వదలడం లేదు. అప్పుడు డయాగ్నొస్టిక్ బ్లాక్ గురించి, అంటే అనుమానమున్న చోటును కాసేపు మొద్దుబార్చి నొప్పి మూలం వెతికే ఇంజెక్షన్ గురించి, ఆలోచిస్తారు. పూసల వెనక కుడి ఎడమల చిన్న కీళ్ళుంటాయి. వీటిని ఫాసెట్ కీళ్ళంటారు. ఇవి నొప్పెడుతున్నాయో లేదో చేత్తో చూసి గానీ స్కాన్ చూసి గానీ ఖాయంగా చెప్పలేరు. అందుకే సీ-ఆర్మ్ అనే కదిలే ఎక్స్‌రే యంత్రంలో చూస్తూ, ఒక్కో కీలుకు వెళ్ళే రెండు సన్నని నరాల దగ్గర అర మిల్లీలీటరు లోపు మత్తుమందు వేస్తారు. నొప్పి చాలా వరకు పోయిందా, మూలం ఆ కీలేనన్న అనుమానం బలపడుతుంది. పోలేదా, ఇంకోచోట వెతకాలి. నడుము కింద సాక్రోఇలియాక్ కీలుకూ, కాలికి దిగే నరానికీ ఇలాంటి బ్లాకులే ఉన్నాయి.

ఇది వైద్యం కాదు, పరీక్ష. మనవాళ్ళు పొరపడేది సరిగ్గా ఇక్కడే. ఇందులో వాడే మత్తుమందుల్లో లిడోకైన్ పనిచేసేది గంటా రెండు గంటలు, బుపివకైన్ మరికొన్ని గంటలు. జవాబు దొరికేది ఆ కాస్త వ్యవధిలోనే. ఆ సమయమంతా రాయగడ రైల్లో కునుకు తీస్తూ గడిపేస్తే పరీక్ష వృథా అయినట్టే. రాత్రికి ఇల్లు చేరాక "మళ్ళీ నొప్పొచ్చింది, ఇంజెక్షన్ పనిచెయ్యలేదు" అంటారు. మందు దిగిపోయాక నొప్పి రావడం మామూలే కదా!

కాబట్టి వీలైతే ఆ పూట అక్కడే ఉండండి. నొప్పి ఉన్న రోజునే వెళ్ళండి. ఆ ఉదయం నొప్పి మాత్ర వేసుకోవాలా వద్దా డాక్టర్ని అడగండి. షుగరున్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి. ఇంజెక్షన్ అయ్యాక డాక్టరు సరేనంటే తోడొచ్చిన వాళ్ళతో నడవండి, వంగండి, మెట్లెక్కండి. రోజూ ఏ పని చేస్తే నొప్పొస్తుందో అదే చేసి చూడండి.

ఒక్క బ్లాకుతో తేల్చేయకూడదు, ఒక్కోసారి మూలం అది కాకపోయినా నొప్పి తగ్గినట్టు అనిపిస్తుంది. అందుకే మరో రోజు రెండోసారి చేస్తారు. రెండుసార్లూ 80 శాతం దాకా తగ్గితే, ఆ నరాలను వేడితో మొద్దుబార్చే రేడియో ఫ్రీక్వెన్సీ చికిత్స గురించి మాట్లాడవచ్చు.

డిస్క్‌లోకే సూది గుచ్చి నొప్పి పుట్టించి చూసే డిస్కోగ్రఫీ కూడా ఉంది. అలా గుచ్చిన డిస్కులు పదేళ్ళలో ఎక్కువగా అరిగాయని 2009లో ఒక అధ్యయనం చూపించింది. ఎవరైనా చేయించుకోమంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తప్పక తీసుకోండి.

[తెర మీద: గళ్ళు గీసిన నోటుబుక్కు కాగితం]

బ్లాకు రోజున ఇలాంటి కాగితం పట్టుకెళ్ళండి. ఇంజెక్షన్‌కు ముందు ఒక గడి, తర్వాత అరగంటకొకటి. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంతుందో, అప్పుడు ఏం చేస్తున్నారో రాయండి. రాయడం రాకపోతే తోడొచ్చినవాళ్ళు రాస్తారు. తెలుగులో రాసినా పర్లేదు, అంకెలు ఏ డాక్టరుకైనా అర్థమవుతాయి. అసలు కాగితం డాక్టరుకిచ్చి, జిరాక్స్ మీ ఎమ్మారై కవర్లో పెట్టుకోండి.