కుర్చీ మోసినవాళ్లు ఇప్పుడు పెరుంబాక్కంలో ఉన్నారు

సభకు నమస్కారం. ఉగాది గురించి ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు అధ్యక్షులవారు. పంచాంగ శ్రవణం అయింది, పచ్చడి అందరం తిన్నాం. నేను 2015 డిసెంబరులో మన చెన్నైకి వచ్చిన వరద గురించి మాట్లాడతాను, పెద్దలు మన్నించాలి.

సైదాపేటలో అడయారు నది పక్కన ఉండేవాళ్లం ఈ హాల్లో చాలామందిమే ఉన్నాం. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్ల వాన. చెంబరంబాక్కం చెరువు నుంచి 29,000 క్యూసెక్కులు వదిలారు. ఏరు మా మెట్లెక్కింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్లు వంగవు.

తెల్లారాక వచ్చిందెవరు? ఏటి ఒడ్డు గుడిసెల కుర్రాళ్లు. వాళ్ల ఇళ్లు అప్పటికే కొట్టుకుపోయాయి. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా పాత చీరతో కట్టి, నలుగురు భుజాలకెత్తుకున్నారు. నీళ్లు వాళ్ల గుండెల దాకా ఉన్నాయి. మందుల సంచి తడవకూడదని ఒకతను పళ్లతో కరిచి పట్టుకున్నాడు. అమ్మ "రామా, రామా" అంటుంటే వెనక నుంచి ఇంకొకతను "పాట్టీ, బయపడాదీంగ", భయపడకు అవ్వా అని అరవంలో అంటూనే ఉన్నాడు. మెయిన్ రోడ్డు మీద దించి, మా ఆవిడ ఇవ్వబోయిన డబ్బు ముట్టకుండా పక్కింటి ముసలాయన కోసం మళ్లీ నీళ్లలోకి దిగారు. సంచి పళ్లతో పట్టుకున్నాడండీ! ఆ తర్వాత అమ్మ మనవరాలి పెళ్లి కూడా చూసి వెళ్లింది.

జాలర్లు పడవలు తెచ్చారు, మసీదుల్లో అందరికీ అన్నం పెట్టారు. వాళ్ల మాట అందరూ చెప్పారు, చెప్పాలి కూడా. ఈ కుర్రాళ్ల మాట ఎత్తేవాళ్లేరీ?

వరద తగ్గాక ఒడ్డు ఖాళీ చేయించి ఆ కుటుంబాలను ఎక్కడో పెరుంబాక్కంలో బహుళ అంతస్తుల ఇళ్లకు పంపించారు. ఆక్రమణ అన్నారు. విమానాశ్రయం రన్‌వే ఒకటి అడయారు మీదుగానే ఉంది కదా, దాన్నెవరు కదిపారు? పనులన్నీ ఇక్కడ, ఇల్లు అక్కడ. మన ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు చీకటితోనే లేచి బస్సు పట్టుకుని వస్తున్నారు. ఇరుగుపొరుగు అంటే మన ఫ్లోర్‌లో ఉన్నవాళ్లేనా, చెప్పండి?

కార్యదర్శిగారూ, రాసుకోండి. ఈ ఏడాది శాలువాల ఖర్చు అక్కడి పిల్లల చదువుకి ఇద్దాం. నాకు కప్పబోయే శాలువాతోనే మొదలుపెట్టండి. వచ్చే ఆదివారం నేను పెరుంబాక్కం వెళ్తున్నాను. కార్లో ముగ్గురికి చోటుంది. ఎవరొస్తారో చెయ్యెత్తండి. వెనక వరుసలో ఉన్నవాళ్లు, మీరు కూడా.