జస్టిస్ వీరమంత్రి: హేగ్ ధర్మాసనంపై ఒక దక్షిణాసియా వాదన

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, న్యాయశాస్త్ర విద్యార్థులకు నమస్కారం.

శ్రీలంకకు చెందిన క్రిస్టఫర్ గ్రెగరీ వీరమంత్రి 1991 నుంచి 2000 వరకు హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో న్యాయమూర్తిగా, చివరి మూడేళ్లు ఉపాధ్యక్షుడిగా పనిచేశారు. ఆయన పేరు ఎత్తగానే, తీర్పుల్లో రామాయణ భారతాలను ఉటంకించిన పెద్దమనిషి అని మురిసిపోయి అక్కడితో ఆగిపోవడం మనకు అలవాటైంది. ఆ ఉటంకింపుల వెనుక ఉన్న న్యాయవాదన ఎంత గట్టిదో పరిశీలించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

1926లో కొలంబోలో పుట్టిన ఆయన 1948లో న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు, 1967లో తమ దేశ సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆయన వృత్తి నేర్చుకున్న దేశంలో రోమన్-డచ్ చట్టం, ఇంగ్లిష్ చట్టం, కాండీ సింహళీయుల ఆచార చట్టం, జాఫ్నా తమిళుల తేశవళమై, ముస్లిం చట్టం పక్కపక్కనే అమలులో ఉంటాయి. న్యాయం ఒకే నాగరికత సొత్తు అనే భ్రమకు అక్కడ చోటు తక్కువ. 1972లో పదవి వదులుకుని మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరి, దాదాపు రెండు దశాబ్దాలు అక్కడే బోధించారు.

ఆ కాలంలోనే పసిఫిక్ మహాసముద్రంలోని నౌరు ప్రభుత్వం ఆయన అధ్యక్షతన ఒక విచారణ సంఘాన్ని నియమించింది. సుమారు 21 చదరపు కిలోమీటర్ల ఆ ద్వీపాన్ని ఆస్ట్రేలియా, బ్రిటన్, న్యూజిలాండ్ ధర్మకర్తల హోదాలో పాలిస్తూ ఫాస్ఫేట్ కోసం తవ్విపోశాయి. ఆ నేలను బాగుచేయించే బాధ్యత ధర్మకర్తలదేనని సంఘం తేల్చింది. 1989లో నౌరు ఆస్ట్రేలియాపై అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించే ఒప్పందంతో వివాదం ముగిసింది. అప్పటికి వీరమంత్రి అదే న్యాయస్థానంలో ఉన్నప్పటికీ ఆ కేసు విచారణలో పాలుపంచుకోలేదు.

అప్పట్లో ఇండోనేషియా ఆక్రమణలో ఉన్న తూర్పు తిమోర్ సముద్ర వనరులపై ఆస్ట్రేలియా, ఇండోనేషియా కుదుర్చుకున్న ఒడంబడికను ఆ ప్రాంతపు పూర్వ వలసపాలక దేశమైన పోర్చుగల్ ఆస్ట్రేలియాపై కేసు వేసి సవాలు చేసినప్పుడు, కేసులో కక్షిదారు కాని ఇండోనేషియా లేకుండా తీర్పు చెప్పలేమని 1995లో 14 మంది న్యాయమూర్తులు అన్నారు. విభేదించిన ఇద్దరిలో వీరమంత్రి ఒకరు. తనకు అన్నేళ్లు కొలువిచ్చిన దేశం ప్రతివాదిగా ఉన్న కేసు అది.

ఇక 1996 జులై 8 నాటి అణ్వస్త్రాల వ్యవహారానికి వద్దాం. అణ్వస్త్రాల వాడకం, వాడతామనే బెదిరింపు చట్టబద్ధమేనా అని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సలహా కోరింది. సాధారణంగా అది చట్టవిరుద్ధమేననీ, అయితే ఒక దేశం మనుగడకే ముప్పు వచ్చిన ఆత్మరక్షణ సందర్భంలో మాత్రం కచ్చితంగా చెప్పలేమనీ న్యాయస్థానం బదులిచ్చింది. ఓట్లు ఏడు, ఏడుగా చీలడంతో అధ్యక్షుడు బెద్జావీ నిర్ణాయక ఓటు వేయాల్సి వచ్చింది. ఆ 'అయితే' వీరమంత్రికి మింగుడుపడలేదు. ఏ పరిస్థితిలోనైనా సరే అణ్వస్త్ర వినియోగం చట్టవిరుద్ధమేనని ఆయన సుదీర్ఘమైన భిన్నాభిప్రాయం రాశారు.

శత్రుజాతిని మొత్తంగా తుడిచిపెట్టే అస్త్రాన్ని వాడవద్దని లక్ష్మణుడిని రాముడు వారించడం, అర్జునుడు పాశుపతాన్ని ప్రయోగించకుండా నిగ్రహించుకోవడం అందులో కనిపిస్తాయి. మన శ్రోతల్లో ఎవరైనా వెంటనే అడ్డు తగలవచ్చు: రావణుడిని చంపింది బ్రహ్మాస్త్రమే కదా, అశ్వత్థామ కూడా దాన్ని ప్రయోగించాడు కదా అని. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కానీ యుద్ధకాండలో రాముడు చెప్పిన కారణం చూడండి. ఇంద్రజిత్తు ఒక్కడి కోసం రాక్షసులందరినీ చంపతగదనీ, యుద్ధం చేయనివాడిని, దాక్కున్నవాడిని, చేతులు జోడించి శరణన్నవాడిని, పారిపోతున్నవాడిని కొట్టరాదనీ అంటాడు. పోరాడేవారికీ పోరాడనివారికీ మధ్య గీత గీయడం నేటి యుద్ధచట్టానికి పునాది. ఆ గీతను చెరిపేయడం అణ్వస్త్రం స్వభావం. పైగా న్యాయస్థానపు సంవిధానమే 38వ అధికరణంలో నాగరిక జాతులు గుర్తించిన సామాన్య న్యాయసూత్రాలను చట్టానికి మూలాధారంగా పేర్కొంటుంది. యూరప్ గ్రంథాలను మాత్రమే తిరగేసి ఆ సూత్రాలను నిర్ణయిస్తే అధికరణాన్ని సగమే చదివినట్లని నా అభిప్రాయం.

మరుసటి ఏడాది డాన్యూబ్ నదిపై ఆనకట్టల విషయంలో హంగరీ, స్లొవేకియాల మధ్య వచ్చిన కేసులో ఆయన రాసిన విడి అభిప్రాయం నా దృష్టిలో ఇంకా బలమైనది. అభివృద్ధికీ పర్యావరణానికీ పొత్తు కుదిర్చే సుస్థిరాభివృద్ధి ఒట్టి ఆశయం కాదనీ, చట్టసూత్రమేననీ నిరూపించడానికి ఆయన శ్రీలంక చెరువులను సాక్ష్యంగా నిలబెట్టారు. పెద్ద జలాశయంలోకి నీరు చేరకముందే ఒండ్రును ఆపే చిన్న చెరువులు, ఊరి చెరువులు, అడవి జంతువులకు నీరందించే చెరువులు వేర్వేరుగా ఉండేవని వివరించారు. వానచుక్క ఒక్కటైనా మనిషికి ఉపయోగపడకుండా సముద్రంలో కలవకూడదన్న 12వ శతాబ్దపు రాజు పరాక్రమబాహు మాటనూ, నేలకు రాజు కాపలాదారు మాత్రమేనన్న, శ్రీలంకకు బౌద్ధాన్ని తెచ్చిన మహింద భిక్షువు బోధనూ ఉదహరించారు. రామప్ప, పాకాల చెరువుల కింద సాగు చేసే మనవాళ్లకు ఈ సాక్ష్యం బోధపడడానికి న్యాయశాస్త్ర పట్టా అక్కర్లేదు.

విడి అభిప్రాయాలకు ఎవరినీ కట్టిపడేసే బలం ఉండదు. అయినా 2000లో, అనురాధపురం జిల్లా ఎప్పావల ఫాస్ఫేట్ గనులను ఒక విదేశీ సంస్థకు అప్పగించే ప్రతిపాదనపై ఆ ప్రాంతవాసులు శ్రీలంక సుప్రీంకోర్టును ఆశ్రయించినప్పుడు, జస్టిస్ అమరసింఘె డాన్యూబ్ కేసులోని వీరమంత్రి మాటలను తన తీర్పులోకి తీసుకున్నారు. సమగ్ర అధ్యయనం, పర్యావరణ ప్రభావ అంచనా జరిగేదాకా ఒప్పందం కుదుర్చుకోరాదని కోర్టు ఆదేశించింది. ఈసారి ఆ మాటలు తప్పనిసరిగా పాటించాల్సిన తీర్పులో భాగమయ్యాయి.