బస్తా దిగాక మొదలయ్యే పని

శ్రోతలకు నమస్కారం.

రేషన్ బియ్యం మన సంచిలో పడేలోపు ఎన్నిసార్లు మనిషి వీపెక్కుతుందో తెలుసా? మిల్లులో లారీ ఎక్కేటప్పుడు, ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) గోదాములో దిగేటప్పుడు, మళ్లీ అక్కడ ఎక్కి మండల స్టాక్ పాయింట్‌లో దిగేటప్పుడు, చివరికి షాపు గుమ్మం దగ్గర. ప్రతిసారీ 50 కిలోలు.

ఈ బస్తాలు మోసేవాళ్లను కోస్తాలో ముఠా కార్మికులంటాం, తెలంగాణలో హమాలీలంటాం. మోయడమే వాళ్ల పని అనుకుంటాం గానీ, నన్నడిగితే అసలు పనితనం బస్తా భుజం దిగాకే కనిపిస్తుంది. ముందు నేలమీద చెక్కలు పరుస్తారు. లేకపోతే చెమ్మ తగిలి అడుగు బస్తాలు ముక్కిపోతాయి. ఒక వరస నిలువుగా, దానిమీద వరస అడ్డంగా, తాపీమేస్త్రీ ఇటుకలు పేర్చినట్టు పేరుస్తారు. గోడకు మాత్రం ఆనించరు. పురుగుమందు కొట్టాలన్నా, బస్తాలు లెక్కపెట్టాలన్నా ఆ సందులోంచే తిరగాలి. కింది వరస కాస్త వాలిందంటే మొత్తం మనుషుల మీదకే వస్తుంది.

గుంటూరులో ఇంకో కష్టం. ధర నచ్చని రైతు మిర్చి టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. బయట మండే ఎండ, లోపల వణికించే చలి, పైగా ఘాటు. ముఠావాళ్లు ముక్కుకు తువ్వాలు బిగించి లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉండాలి.

ఈ పని పాతదే. మచిలీపట్నంలో 1611లో ఇంగ్లీషు కంపెనీ పెట్టిన వర్తక స్థావరంలోనూ నూలుబట్టల మూటలు ఓడ వచ్చేదాకా గోదాములోనే ఉండేవి. 1770 నాటి బెంగాల్ కరువు తర్వాత పట్నాలో ధాన్యం దాచడానికి గోల్‌ఘర్ కట్టారు. 1786లో పూర్తయింది. కూలీలు ఒకవైపు మెట్లెక్కి, పైకప్పు కన్నంలోంచి ధాన్యం పోసి, రెండోవైపు దిగాలని ఏర్పాటు. మొత్తం 145 మెట్లు, నెత్తిన బరువుతో! ఆ ప్లాను గీసిన దొర ఒక్క బస్తా అయినా ఎత్తి చూశాడా అని నాకు అనుమానం.

హక్కుల మాట చాలా ఆలస్యంగా వచ్చింది. మహారాష్ట్రలో 1969లో మాథాడీ కార్మికుల, అంటే బరువులు మోసేవాళ్ల, చట్టం చేశారు. యజమాని కూలీతోపాటు అదనంగా కొంత సొమ్మును కార్మికుల సంక్షేమ బోర్డుకు కడితే, అందులోంచి పీఎఫ్ లాంటివి అందుతాయి. మన దగ్గర 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం వచ్చింది. అయినా సంక్షేమ బోర్డు కోసం యూనియన్లు అడుగుతూనే ఉన్నాయి. బస్తాకు ఇంత అన్న రేటు మాత్రం ముఠా మేస్త్రీ, వర్తకులు కూర్చుని తేల్చుకుంటారు. కుదరకపోతే సమ్మె. సరుకు కదలడం ఆగినప్పుడే మనకు వీళ్లు గుర్తొస్తారు.

2017లో జీఎస్టీ వచ్చాక ప్రతి రాష్ట్రంలో చిన్న గోదాము పెట్టుకునే అవసరం కంపెనీలకు తగ్గింది. హైదరాబాద్ చుట్టూ మేడ్చల్, శంషాబాద్ వైపు పెద్ద పెద్ద వేర్‌హౌస్‌లు లేచాయి. ఏ అరలో ఏముందో గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చేతిలో స్కానర్ చెబుతుంది. గంటకు ఎన్ని ప్యాకెట్లు తీశారో కూడా అదే లెక్కపెడుతుంది. ఏజెన్సీ ద్వారా అక్కడ పనికి చేరిన కుర్రాళ్లకు టార్గెట్ టెన్షన్ ఉంది గానీ ముఠా లేదు, రేటు మాట్లాడడానికి మేస్త్రీ లేడు.